ఇంగ్లీషు చదువునకు చాట్‌బాట్ సహాయము

కొల్లేటి లంక గ్రామములలో ఇంగ్లీషు మాట వినబడని ఇల్లు నేడు లేదు. చేపల చెరువు గట్టుమీద తిరుగాడు పిల్లవానికి ఫీడు, సీడు, పంపు, ఏరియేటరు అను మాటలు ఉగ్గుపాలతో అబ్బినవి. కాని అదే పిల్లవాని యెదుట ఏడవ తరగతి సామాన్యశాస్త్ర పుస్తకములోని ఇంగ్లీషు పుట తెరచి, ఒక్క పేరా చదివి భావము చెప్పుమన్నచో తెల్లమొగము వేయువారే యెక్కువ. చెవికి తెలిసిన మాట అచ్చులో కనబడినపుడు, అందులోను ఒక పొడవైన వాక్యములో ఇమిడి యున్నపుడు, పరాయిదగుచున్నది. పై చదువులకై ఏలూరు, తాడేపల్లిగూడెము చేరిన పిమ్మట ఈ కొరత బయటపడును. తాడేపల్లిగూడెములో 2015లో నెలకొల్పబడిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వంటి చోట్ల బోధన ఇంగ్లీషులోనే సాగును. అక్కడ సీటు సంపాదించుకొన్న గ్రామ విద్యార్థికి లెక్కలు వచ్చును, తెలివి కలదు. ప్రశ్నపత్రమును వేగముగా చదివి గ్రహించుటయే కష్టమగును.

ఈ అభ్యాసమునకు ఇటీవల కొందరు విద్యార్థులు తండ్రి ఫోనులోని చాట్‌బాట్‌ను ఆశ్రయించుచున్నారు. అది మంచిదా, చెడ్డదా అని పంచాయతీ సభ్యులను తల్లిదండ్రులు అడుగుచున్నారు. అడిగిన తీరునుబట్టి అది రెండును కాగలదు. అందుచేత దాని సంగతి కొంత వివరముగా తెలిసికొనుట అవసరము.

చాట్‌బాట్ అనగా మనము వ్రాసిన లేక పలికిన మాటకు మాటతోనే బదులు చెప్పు కంప్యూటరు ప్రోగ్రాము. 1966లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన జోసెఫ్ వైజెన్‌బామ్ ‘ఎలైజా’ అను పేరుతో ఇట్టిదానిని ప్రకటించెను. ఎదుటివారి మాటనే త్రిప్పి ప్రశ్నగా అడుగుటకు మించి అది పెద్దగా చేయజాలకుండెను. 2022 నవంబరులో వెలువడిన చాట్‌జీపీటీయు, ఆ తరువాత వచ్చిన జెమినీ మొదలగునవియు వేరు జాతివి. వానికి లెక్కకు మిక్కిలి పుటల వ్రాతను చూపి, ఒక మాట తరువాత ఏ మాట రాదగునో అంచనా కట్టుట నేర్పినారు. ఆ అంచనా బలము చేతనే అవి వాక్యములు కూర్చును, ప్రశ్నలు వేయును, తప్పులు దిద్దును. అంతేగాని, మనము అడిగినపుడెల్ల ఎక్కడో నిఘంటువు తెరచి చూచి చెప్పుచున్నవని తలంపరాదు. 2025 జనవరి 30న మన రాష్ట్రములో ఆరంభమైన ‘మన మిత్ర’ వాట్సాప్ సేవ సభ్యులకు పరిచితమే. అది ధ్రువపత్రములు, బిల్లుల చెల్లింపు వంటి నిర్ణీతమైన పనులకు ఏర్పడినది. ఇచ్చట చెప్పునది ఏ విషయముపైనైనను సంభాషించు యంత్రమును గూర్చి.

మొదట మాటల సంగతి చూతము. మన పిల్లలకు తెలిసిన ఇంగ్లీషు మాటలలోనే సగము చిక్కు కలదు. కరెంటు అనగా మనకు విద్యుత్తు; భూగోళ పాఠములో నది కరెంటు అనగా ప్రవాహము. బ్యాంకు అనగా అప్పు యిచ్చు చోటు. కాలువ గట్టును కూడ ఇంగ్లీషులో బ్యాంకు అనియే అందురు. బిల్లు అను మాట పంచాయతీ సభ్యులకు ఎంత పరిచితమో చెప్పనక్కరలేదు. శాసనసభలో ప్రవేశపెట్టునదియు బిల్లే, పక్షి ముక్కును కూడ బిల్లు అందురు. ఆటపాక వద్ద గూళ్లు కట్టుకొను గూడబాతునకు ఇంగ్లీషులో ‘స్పాట్ బిల్డ్ పెలికాన్’ అని పేరు. ముక్కుమీద మచ్చలు గల పక్షి యని దాని భావము. చేపల గుంపును ‘స్కూల్’ అందురన్నచో మన పిల్లలు నవ్వక మానరు, మరల మరువరు.

పూర్వము ఇంటిలో శంకరనారాయణ గారి ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు ఉన్నదన్న అది ఒక హోదా. నిఘంటువు ఒక మాటకు గల అర్థములన్నింటిని వరుసగా చెప్పును. వానిలో ఏది ఈ వాక్యమునకు తగునో ఎన్నుకొనుట చదువరి పని. చాట్‌బాట్ వాక్యమును చూచి ఆ సందర్భమునకు తగిన అర్థమును చెప్పగలదు. అయితే వాక్యము మొత్తము దాని ముందుంచవలెను. ‘బిల్లు అనగా నేమి’ అని ఒంటి మాట అడిగిన విద్యార్థికి విద్యుత్తు బిల్లు దొరకును గాని గూడబాతు ముక్కు దొరకకపోవచ్చును.

చిన్న మాటలను ఉపేక్షింపరాదు. ‘అన్‌లెస్’, ‘ఆల్దో’, ‘ఓన్లీ ఇఫ్’ అనునవి పొడవుకు చిన్నవి, పనికి పెద్దవి. చెరువులో వాడు మందు డబ్బామీద ఫలానా పరిస్థితి యున్నచో తప్ప వాడవద్దు అని ‘అన్‌లెస్’ తో వ్రాసియుండగా, ఆ ఒక్క మాట దాటవేసి చదివినచో అర్థము తలక్రిందులగును. ఇట్టి మాటలతో పది చిన్న వాక్యములు వ్రాసి, ఒక్కొక్కదాని భావము తనను అడుగుమని విద్యార్థి చాట్‌బాట్‌ను కోరవచ్చును. మందు మోతాదు ఎంత అని మాత్రము దానిని అడుగరాదు. అది మత్స్యశాఖ సిబ్బందిని అడుగవలసిన మాట.

ఇక చదివి గ్రహించుట. ఇక్కడనే ఎక్కువ మేలును, ఎక్కువ కీడును కలుగుచున్నవి. పాఠము ఫోటో తీసి, క్రింద గల ప్రశ్నలకు జవాబులు వ్రాసి యిమ్మని అడుగుట పిల్లలకు సులభముగా అలవాటగును. నిమిషములో చక్కని జవాబులు వచ్చును. వానిని నోటుబుక్కులో దించుకొందురు. పుస్తకము నిండును, ఉపాధ్యాయుడు సంతకము పెట్టును, చదువుట మాత్రము అంగుళమైనను కదలదు. పేరా మొత్తమునకు తెలుగు అనువాదము అడుగుట కూడ దీనికి దగ్గర చుట్టమే. పరీక్ష గదిలో ఫోను ఉండదు.

మేలైన మార్గము ఇది. విద్యార్థి తన పుస్తకములోని ఒక పేరాను మొదట తానే రెండుసార్లు పైకి చదువవలెను. పిమ్మట దానిని చాట్‌బాట్‌కు ఇచ్చి ఇట్లు వ్రాయవచ్చును: ‘నేను ఏడవ తరగతి విద్యార్థిని. ఈ పేరాకు తెలుగు అర్థము చెప్పవద్దు. దీనిమీద ఇంగ్లీషులో నాలుగు ప్రశ్నలు అడుగు. ఒక ప్రశ్నకు నేను జవాబు చెప్పిన తరువాతనే రెండవది అడుగు. నా జవాబు తప్పైతే సరియైన జవాబు చెప్పకుండ, ఏ వాక్యము మళ్లీ చదవాలో చూపించు.’ ఈ కోరికను తెలుగులోనే వ్రాయవచ్చును. ఇంగ్లీషు వచ్చిన పిమ్మట ఇంగ్లీషు నేర్చుకొనుమనుట న్యాయము కాదు గదా. ఒక తప్పుకు అది ఒక వాక్యమును చూపును, రెండవ తప్పుకు ఆ వాక్యములోని మాటను చూపును. ఎన్నిసార్లు అడిగినను విసుగుకొనదు. తరగతిలో నలుగురి యెదుట తప్పు చదువుటకు సిగ్గుపడి నోరు మూసికొను బాలికకు ఇది చిన్న సౌకర్యము కాదు. నలుబది మందిని చూడవలసిన ఉపాధ్యాయునకు ఒక్కొక్కరితో ఇంతసేపు గడుపుట సాధ్యపడదు.

ప్రశ్నలు ఏ రకమువి అన్నది కూడ ముఖ్యము. కొల్లేటిమీద ఒక పేరా ఉన్నదనుకొందము. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ గల మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు దానిలో కలియును. ఉప్పుటేరు ద్వారా నీరు సముద్రమును చేరును. పదవ కాంటూరు వరకు దాని విస్తీర్ణము 901 చదరపు కిలోమీటర్లు. 1999లో అయిదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతము అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002లో రామ్‌సార్ జాబితాలో చేరినది. ఉప్పుటేరు ఎచ్చట కలియును అను ప్రశ్నకు జవాబు ఒక్క వాక్యములో దొరకును; కన్ను పరుగెత్తించినచో చాలును. ‘కొల్లేరు విస్తీర్ణమెంత’ అని అడిగినచో కథ వేరు. 901 అన్నవాడును, 308 అన్నవాడును సగమే చదివినట్లు. ఏది సరస్సు, ఏది అభయారణ్యము, ఏ కాంటూరు వరకు కొలిచిరి అని రెండు వాక్యములను ప్రక్కప్రక్కన పెట్టుకొన్నవాడే సరిగా చదివినవాడు. కాంటూరుల మాట ఆ ప్రాంతపు పెద్దలకు ఒకరు చెప్పవలసినది కాదు. ఆ అంకెల మీద ఎన్ని కుటుంబముల చెరువులు ఆధారపడి యున్నవో వారెరుగుదురు. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట చెరువు గట్లు తెగగొట్టబడిన నాటి కాగితములు చేతబట్టుకొన్నవారికి, ఒక ఉత్తరువులోని ఒక్క మాట ఎంత బరువో అనుభవమే. అందుచేత నాలుగు ప్రశ్నలలో రెండైనను ఇట్లు వాక్యములను కలిపి ఆలోచింపజేయునవి కావలెనని చాట్‌బాట్‌కు స్పష్టముగా చెప్పవలెను. చెప్పకున్న అది సులభమైన ప్రశ్నలతోనే సరిపెట్టవచ్చును.

చాట్‌బాట్ తప్పు చెప్పునా యన్నచో, చెప్పును. అదియు తడబాటు లేకుండ చెప్పును. తెలియదు అను మాట దానికి సులభముగా రాదు. ఊరి పేర్లు, సంవత్సరములు, కొలతలు తారుమారు చేయుట కలదు. కొల్లేరు మంచినీటిది, పులికాట్ ఉప్పునీటిది. ఈ రెండింటిని కలగలిపి ఒక పేరా వ్రాసినచో చిన్న పిల్లవాడు నమ్మును. కనుక పేరాను దానిచేత క్రొత్తగా వ్రాయించుటకంటె పాఠ్యపుస్తకములోనిదే ఇచ్చుట క్షేమము. 2020–21 విద్యాసంవత్సరము నుండి ప్రభుత్వ పాఠశాలలకు ఒక పుట ఇంగ్లీషులోను, ఎదుటి పుట తెలుగులోను గల ద్విభాషా పాఠ్యపుస్తకములు ప్రవేశపెట్టబడినవి. ఇంగ్లీషు పుట చదువుట, ప్రశ్నలకు జవాబులు చెప్పుట, చివరకు తెలుగు పుట చూచి సరిచూచుకొనుట అను క్రమమున సాగినచో యంత్రము పొరబడినను పుస్తకము పట్టియిచ్చును. ఇంగ్లీషు వాచకమునకు ఎదుటి పుట లేదు. దానికి నిఘంటువు, ఉపాధ్యాయుడు.

మాటలను నిలుపుకొనుటకు ఒక నోటుబుక్కు ఉండవలెను. రోజునకు అయిదు మాటలు చాలును. మాట, అది కనబడిన వాక్యము, విద్యార్థి స్వయముగా కూర్చిన మరియొక వాక్యము వ్రాయవలెను. నేర్చిన మాట మొదటి దినములలోనే వేగముగా మరపునకు వచ్చునని జర్మనీ శాస్త్రజ్ఞుడు ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే చూపియున్నాడు. అందుచేత మరునాడు ఒకసారి, మూడవ నాడు ఒకసారి, వారమునకు ఒకసారి పాత మాటలను చాట్‌బాట్‌కు ఇచ్చి పరీక్షింపుమని అడుగవలెను. నిన్నటి సంభాషణ నేడు దానికి జ్ఞాపకముండునని నమ్మరాదు, నోటుబుక్కే ఆధారము.

పంచాయతీ చేయదగిన పని ఇక్కడ మొదలగును. లంక గ్రామములలో ఫోను సాయంకాలము తండ్రి జేబులో చెరువు గట్టున నుండును. ఇల్లు చేరునప్పటికి పిల్లలు నిద్రపోవుదురు. ఇంటిలో ఇద్దరు పిల్లలున్నచో ఫోను ముందుగా కొడుకు చేతికి పోవును. విడివిడిగా ఇండ్లకు వదలినచో ఈ సౌకర్యము ఉన్నవారికే, అందులోను మగపిల్లలకే దక్కును. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ చేర్చిన పదునొకండవ షెడ్యూలులో పాఠశాల విద్యయు, గ్రంథాలయములును రెండును ఉన్నవి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సును పంచాయతీలే వసూలు చేయుచున్నవి. ఆ మొత్తమును బకాయి లేకుండ జిల్లా గ్రంథాలయ సంస్థకు జమకట్టిన పంచాయతీకి, శాఖా గ్రంథాలయమును సాయంకాలము ఒక గంట అదనముగా తెరచి యుంచుమని అడుగుటకు నోరుండును. 1935లో పాతూరి నాగభూషణము గారు కృష్ణా కాలువమీద పడవలో పుస్తకములు నింపి ఊరూరికి త్రిప్పిన దేశమిది. గ్రంథాలయము లేని లంకలో పాఠశాల వరండా చాలును.

రెండు ఫోనులు, ఆరుగురు పిల్లలు, ప్రక్కన కూర్చుండుటకు ఇంటరు లేక డిగ్రీ చదువుచున్న ఊరి యువతి యొకరు ఉన్నచో పని జరుగును. ముగ్గురు ఒక పేరాను కలిసి చదివి, జవాబు తమలో తాము తర్కించుకొని చెప్పుట ఒంటరిగా చదువుటకంటె మేలు. తెరమీద వచ్చిన ప్రతి మాటను ఆ యువతి చూడవలెను. పిల్లల పూర్తిపేరు, ఫోటో, ఆధార్ సంఖ్య, ఇంటి చిరునామా చాట్‌బాట్‌కు తెలుపరాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిది ఏండ్ల లోపు వారిని బాలలుగా గుర్తించి, వారి సమాచారమును వాడుటకు తల్లిదండ్రుల అనుమతి కావలెనని విధించినది. అందుచేత ఖాతా పెద్దల పేరనే యుండవలెను. తల్లిదండ్రుల సమ్మతి ముందుగా తీసికొనవలెను.

ఏ పాఠములు ఎన్నుకొనవలెనో ప్రధానోపాధ్యాయునితో మాటలాడి నిర్ణయించుట మొదటి పని. శనివారము నోటుబుక్కులు ఆయన బల్లమీదికి పోవలెను. సిగ్నలు అందని లంకలకు ఆ వారపు పేరాలను, ప్రశ్నలను ముందుగానే కాగితముమీద వ్రాయించి పంపవచ్చును. జవాబులను సిగ్నలున్న చోట సరిచూచి తిరిగి పంపవచ్చును.