ఇంటర్వ్యూ అయిన మర్నాడు

ఉప్పునుంతలలో ఒక యిల్లు అనుకోండి. డిగ్రీ ప్యాసయిన కొడుకు హైదరాబాదులో ఒక విత్తనాల కంపెనీలో లెక్కల గుమాస్తా పనికి ఇంటర్వ్యూకు వెళ్ళి, రాత్రి పొద్దుపోయాక బస్సు దిగి యింటికి వచ్చాడు. కాళ్ళు కడుక్కోకముందే తల్లి ఎదురొచ్చి, "ఎట్లయింది బిడ్డా?" అని అడిగింది.

"మంచిగనే అయిందమ్మా. ఫోన్ చేసి చెప్తమన్నరు."

ఆ 'చెప్తమన్నరు' అన్న ఒక్క మాట యింటిల్లిపాదికీ వారంరోజులు నిద్ర లేకుండా చేయగలదు. పూర్వం పోస్టుమేను సైకిలు గంట కోసం చెవులు రిక్కించేవారు. ఇప్పుడు చేతిలోని ఫోను వంక చూస్తూ కూర్చుంటున్నారు. ఉద్యోగం యిచ్చేవాడి తీరిక మాత్రం అప్పుడూ యిప్పుడూ ఒకటే.

తండ్రి వూరుకోలేదు. "ఉట్టిగ కూసుంటే ఎట్లరా? ఆ సారుకు ఒక పల్లీల మూట పంపిద్దమా?" అన్నాడు.

నవ్వకండి. అచ్చంపేట మార్కెట్టుకు పల్లీ బస్తాలు తోలుకుపోయే ప్రాంతం అది. ఆయన దగ్గర ఉన్నవీ పల్లీలే. పైగా మనలో కృతజ్ఞత నోటితో చెప్పేది కాదు, చేత్తో పెట్టేది. కాలేజీ ఫీజు కట్టిన మేనమామతో "థాంక్స్ మామా" అంటే యింట్లోవాళ్ళు వింతగా చూస్తారు.

అయితే ఫలితం తెలియకముందు వెళ్ళే మూటకు మనం ఏ పేరు పెట్టినా, అందుకునేవాడు వేరే పేరుతో పిలుస్తాడు. సర్కారు ఉద్యోగమైతే అది నేరం కూడా. 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించాక, లంచం పుచ్చుకున్నవాడితోపాటు ఇచ్చినవాడూ దోషే.

అసలు సర్కారు కొలువుల్లో యీ బెడద చాలామట్టుకు తగ్గింది. గ్రూప్-సి ఉద్యోగాలకూ, గ్రూప్-బిలోని నాన్ గెజిటెడ్ ఉద్యోగాలకూ కేంద్రప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలు తీసివేసింది. తెలంగాణాలో గ్రూప్-1, గ్రూప్-2 ఇంటర్వ్యూలను 2022లో రద్దు చేశారు. సివిల్ సర్వీసులకు మాత్రం 275 మార్కుల ఇంటర్వ్యూ వుంది. అలాంటి చోట బోర్డు సభ్యులకు ఎంత మర్యాదగా ఉత్తరం రాసినా, అది పైరవీ కింద జమకట్టి అభ్యర్థిని పక్కన పెట్టే ప్రమాదం వుంది. అక్కడ మౌనమే మర్యాద.

ప్రైవేటు కంపెనీల సంగతి వేరు. అమెరికాలో ఇంటర్వ్యూ అయిన మర్నాటికల్లా నాలుగు ముక్కలు రాయడం ఆనవాయితీ. డల్లాసులోనో న్యూజెర్సీలోనో చదువుకునే మన పిల్లలు దాన్ని అక్కడ నేర్చుకుంటున్నారు. ఉప్పునుంతల కుర్రవాడు రాయడానికీ అడ్డేమీ లేదు. ఈమెయిలుకు తపాలా బిళ్ళ కూడా అక్కరలేదు.

మరి ఏమని రాయాలి? పాతకాలపు అర్జీల ధోరణిలో "మహారాజరాజశ్రీ", "తమ దివ్యసముఖమునకు" అంటూ ఎత్తుకోవద్దు. పెళ్ళికెదిగిన చెల్లెళ్ళ సంగతీ, ఎండిపోయిన బోరు సంగతీ వద్దు. అవి నిజాలే కావచ్చు. కాని చదివేవాడు ఇరుకున పడతాడు. ఇలా వుంటే చాలు:

"ఆర్యా, నిన్న నాతో అరగంటసేపు మాట్లాడినందుకు కృతజ్ఞుణ్ణి. గోదాములోని సరుకుకూ పుస్తకంలోని లెక్కకూ తేడా వస్తే ఏం చేస్తావని మీరు అడిగినప్పుడు తడబడ్డాను. ముందు తూకం చీటీలను రిజిస్టరుతో సరిచూస్తాను. అప్పటికీ తేలకపోతే లెక్క దిద్దకుండా పైవారికి చెబుతాను. ఈ పని నేర్చుకుని చేయాలని వుంది. ఇట్లు..."

ఈ ఉత్తరం ప్రాణమంతా మూడో వాక్యంలో వుంది. ఇంటర్వ్యూ గదిలో తట్టని జవాబు తిరుగు బస్సులో తడుతుంది. అందరికీ అయ్యే అనుభవమే. ఆ జవాబును గది లోపలికి పంపడానికి యిదొక కిటికీ. దీనివల్ల ఉద్యోగం వచ్చి తీరుతుందని ఎవరూ పూచీపడలేరు. ఇద్దరు సమానంగా తూగిన చోట కాస్త మొగ్గు చూపవచ్చు, అంతే. అవతలివారి పేరులో అక్షరం తప్పు రాయడంకన్న అసలు రాయకపోవడమే నయం. రోజుకొకటి పంపడం మరీ చెడ్డది.

ఇంతకూ ఇంటర్వ్యూ ముందురాత్రి ఆ కుర్రవాడు పడుకున్నది హైదరాబాదులో చిన్నమ్మ యింట్లో. ఆమె తెల్లవారకముందే లేచి నీళ్ళు కాచింది, చొక్కా యిస్త్రీ చేసింది, ఏ బస్సెక్కి ఎక్కడ దిగాలో రెండుసార్లు చెప్పింది.

"నాయినా, ఆ మూట చిన్నమ్మకు పంపియ్యి" అన్నాడు కొడుకు.

తల్లి అప్పటికే మూటకు తాడు బిగిస్తోంది.