ఎముకకు రక్తం అందనప్పుడు: తుంటి ఎవాస్కులర్ నెక్రోసిస్ – కారణాలు, లక్షణాలు, నిర్ధారణ

ఉపోద్ఘాతం:
ఎముక చూపునకు జడపదార్థంలా కనిపించినా అది సజీవ కణజాలం. దానిలో పాత ఎముక కరగడం, కొత్త ఎముక ఏర్పడడం జీవితాంతం సాగుతూనే ఉంటాయి. ఇందుకు కావలసిన ప్రాణవాయువు, పోషకాలు రక్తం ద్వారానే అందాలి. ఆ సరఫరా నిలిచిపోయిన చోట ఎముక కణాలు మరణిస్తాయి. ఈ స్థితినే వైద్యశాస్త్రం ‘ఎవాస్కులర్ నెక్రోసిస్’ లేదా ‘ఆస్టియోనెక్రోసిస్’ అని వ్యవహరిస్తుంది. భుజం, మోకాలు, చీలమండ, మణికట్టు ఎముకలలోనూ ఇది రావచ్చు. అయితే అత్యధికంగా కనిపించేది తుంటి గిన్నెలో ఇమిడి ఉండే తొడ ఎముక శిరోభాగంలోనే. బాధితులలో ఎక్కువమంది 30 నుంచి 50 సంవత్సరాల మధ్య వయస్కులు కావడం ఈ వ్యాధి తీవ్రతను తెలుపుతుంది.

వ్యాధి క్రమం:
తొడ ఎముక శిరస్సుకు రక్తం ప్రధానంగా మీడియల్ సర్కమ్‌ఫ్లెక్స్ ధమని శాఖల ద్వారా అందుతుంది. అవి మూసుకుపోతే ప్రత్యామ్నాయ మార్గాలు స్వల్పం. రక్తం ఆగిన 6–12 గంటల్లో మజ్జలోని రక్తోత్పత్తి కణాలు, 12–48 గంటల్లో ఎముక కణాలు మరణిస్తాయి. అయినా ఎముక వెంటనే కూలిపోదు. ఖనిజ భాగం మిగిలి ఉండి శరీర భారాన్ని మోస్తూనే ఉంటుంది. అసలు ప్రమాదం మరమ్మతు దశలో మొదలవుతుంది. మృత ఎముకను తొలగించే వేగం కొత్త ఎముకను నిర్మించే వేగాన్ని మించినప్పుడు, మృదులాస్థి కింది పొర బలహీనపడి విరుగుతుంది. గుండ్రని శిరస్సు చదునవుతుంది.

కారణాలు:
వీటిని రెండు విధాలుగా విభజించవచ్చు. మొదటిది గాయం. తొడ ఎముక మెడ విరిగినప్పుడు, తుంటి కీలు తొలగినప్పుడు రక్తనాళాలు తెగిపోతాయి. రెండవది గాయంతో నిమిత్తం లేనిది. అధిక మోతాదులో స్టెరాయిడ్ల వాడకం, అతిగా మద్యం సేవించడం ఇందులో ముఖ్యమైనవి. ఇవి మజ్జలో కొవ్వును పెంచి, ఎముక లోపలి ఒత్తిడిని అధికం చేస్తాయి. ఎముక గోడలు సాగవు కనుక ఆ ఒత్తిడికి సన్నని నాళాలు నలిగిపోతాయి. లూపస్, అవయవ మార్పిడి, రేడియేషన్ చికిత్స కూడా కారణాలే. సికిల్ సెల్ వ్యాధిలో కొడవలి ఆకారపు రక్తకణాలు నాళాలకు అడ్డుపడతాయి. ఈ వ్యాధి తెలుగు రాష్ట్రాల గిరిజన ప్రాంతాలలోనూ ఉన్నందున, అక్కడి యువతలో తుంటి నొప్పిని ప్రత్యేకంగా పరిశీలించడం అవసరం. కొందరిలో ఏ కారణమూ తేలదు.

లక్షణాలు:
తొలిదశలో ఏ లక్షణమూ ఉండకపోవచ్చు. క్రమంగా గజ్జలో నొప్పి మొదలై తొడకు, పిరుదుకు, మోకాలికి పాకుతుంది. మొదట నడిచేటప్పుడు, తరువాత విశ్రాంతిలోనూ, రాత్రివేళలోనూ బాధిస్తుంది. కాలిని లోపలివైపు తిప్పడం, గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకొని కూర్చోవడం కష్టమవుతాయి. చివరకు కుంటు ఏర్పడుతుంది. నొప్పి మోకాలిలో తెలియడం వల్ల మోకాలికీ, పిరుదులో తెలియడం వల్ల నడుముకూ చికిత్స జరిగి, విలువైన కాలం వృథా అయ్యే అవకాశం ఉంది.

నిర్ధారణ:
స్టెరాయిడ్ వాడకం, మద్యపానం, పాత గాయాల వివరాలు తెలుసుకోవడం తొలి మెట్టు. ఎక్స్‌రే తప్పనిసరి అయినా, తొలిదశలో అది సాధారణంగానే కనిపిస్తుంది. ఫికా–ఆర్లే వర్గీకరణ దీనికి అనుగుణంగానే ఉంది. మొదటి దశలో ఎక్స్‌రేలో మార్పు ఉండదు. రెండవ దశలో ఎముక గట్టిపడిన, గుల్లబారిన జాడలు కనిపిస్తాయి. మూడవ దశలో నెలవంక వంటి గీత, శిరస్సు కుంగుబాటు, నాలుగవ దశలో కీలు అరుగుదల వ్యక్తమవుతాయి. తొలిదశను పట్టుకోగల అత్యంత సున్నితమైన పరీక్ష ఎం.ఆర్.ఐ. గాయంతో నిమిత్తం లేని వ్యాధి తరచుగా రెండు తుంటులకూ వస్తుంది కనుక, నొప్పి ఒకవైపే ఉన్నా రెండింటినీ పరీక్షించాలి. సూక్ష్మమైన విరుగుళ్లను గుర్తించడానికి సి.టి. స్కాన్ తోడ్పడుతుంది. తుంటి క్షయ, వెన్నుపూస సమస్యల నుంచి దీనిని వేరుచేయడం కూడా నిర్ధారణలో భాగమే.

ముగింపు:
శిరస్సు కుంగక ముందే వ్యాధిని గుర్తిస్తే, ఎముకలోని ఒత్తిడిని తగ్గించే శస్త్రచికిత్స వంటి మార్గాలతో సహజమైన కీలును కాపాడే అవకాశం ఉంటుంది. కుంగి, కీలు అరిగిన తరువాత మిగిలేది సాధారణంగా కీలు మార్పిడే. కాబట్టి స్టెరాయిడ్లు వాడినవారిలో గజ్జ నొప్పి తగ్గకుండా కొనసాగుతున్నప్పుడు, ఎక్స్‌రే సాధారణంగా ఉందన్న ఒక్క కారణంతో పరిశోధనను ముగించకూడదు.