కుప్ప కాగితేనే ఎరువు

బాగా చివుకుతున్న ఎరువుకుప్పలో మోచేతి దాకా చెయ్యి పెడితే ఎక్కువసేపు ఉంచలేం. లోపల వేడి 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. అది ఎండ వేడి కాదు. ఆకునీ గడ్డినీ తింటూ కోట్లాది సూక్ష్మజీవులు పుట్టించే వేడి. అందుకే ఎవరైనా తమ పెరట్లో కుప్ప చివకడం లేదంటే నేను ముందు అడిగేది, అసలది కాగిందా అని.

కాగకపోవడానికి మొదటి కారణం మేత పాళ్లు కుదరకపోవడం. సూక్ష్మజీవి ఒంట్లో ఒక పాలు నత్రజనికి ఎనిమిది పాళ్ల దాకా కర్బనం ఉంటుంది. తిన్న కర్బనంలో సుమారు మూడింట రెండు వంతులు శక్తి కోసమే ఖర్చయి, బొగ్గుపులుసు వాయువుగా పోతుంది. ఆ ఖర్చూ కలుపుకుంటే, మేతలో ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ల కర్బనం ఉండాలి. వరిగడ్డిలో కర్బనం 60 పాళ్లకు పైనే, రంపపు పొట్టులో వందల్లో. కూరగాయల తొక్కుల్లో, పేడలో 20కి అటూ ఇటూ. ఎండుటాకులు మాత్రమే పోస్తే ఏడాదికీ ఆకులుగానే మిగిలేది, తొక్కులు మాత్రమే వేస్తే జిగురుగా కారి ఘాటు వాసన వచ్చేది ఇందుకే. గంప తొక్కులకు రెండు మూడు గంపల ఎండుటాకులు వేస్తే పాళ్లు ఇంచుమించు కుదురుతాయి. అంగట్లో అమ్మే పొడుల మీద డబ్బు పెట్టనక్కర్లేదు. పేడనీళ్లు, గుప్పెడు పాత ఎరువు చాలు.

రెండోది గాలి. కుళ్లిన గుడ్డు వాసన వచ్చిందంటే లోపల ప్రాణవాయువు అయిపోయిందని అర్థం. అప్పుడు పార పట్టి తిరగెయ్యడమే మందు. వ్యవసాయ శాస్త్రవేత్తలు ఆల్బర్ట్ హోవార్డ్, యశ్వంత్ వాడ్ ఇండోర్‌లో ఏళ్ల తరబడి పనిచేసి 1931లో పుస్తకంగా ప్రకటించిన పద్ధతికి ప్రాణం ఈ తిరగెయ్యడంలోనే ఉంది. సుమారు పదిహేను రోజులకోసారి, మరో పదిహేనుకు ఇంకోసారి, ఆపైన నెలకు మూడోసారి. మూడు నెలల్లో ఎరువు చేతికొస్తుంది. కుప్ప మూడడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు కన్నా తక్కువైతే మాత్రం పుట్టిన వేడి పుట్టినట్టే బయటికి పోతుంది.

మన ఎండలకు తేమ సంగతి మరీ ముఖ్యం. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి. ధారగా కారితే ఎండుగడ్డి కలపాలి, పొడిగా రాలితే నీళ్లు చల్లాలి. వేసవిలో తడిపిన గోనెపట్టా, వానల్లో తాటాకు కప్పితే చాలా వరకు గట్టెక్కినట్టే.

తొందరపడి సగం చివికినదాన్ని మొక్కలకు వేస్తే నష్టం. మిగిలిన గడ్డిని తినడానికి సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని లాక్కుంటాయి, ఆకులు పసుపుబారతాయి. చెదలు కూడా పట్టొచ్చు. తడి ఎరువు కొంచెం కవరులో కట్టి మూడు రోజులుంచి విప్పి చూడండి. తొలకరికి నేల విడిచే వాసన వస్తే తోటలోకి మొయ్యొచ్చు. ముక్కు మూసుకోవలసి వస్తే మళ్లీ కుప్పలో కలిపి ఇంకో నెల ఆగాలి.