కొలత తెలిస్తే చాలు, కొనక్కర్లేదు

ఈసారి ఫ్రీకాడ్ అనే సాఫ్ట్‌వేర్ గురించి రాస్తున్నాను.

ముందు కాడ్ అంటే ఏమిటి? వస్తువును చేయకముందే కంప్యూటర్లో కొలతలతో గీయడం. కామ్ అంటే ఆ బొమ్మ ప్రకారం యంత్రం ఏ దారిలో కోయాలో చెప్పడం. మా నాయన నాగలి చెక్కేటప్పుడు బొమ్మ గీయడు. కొలత ఆయన కళ్ళల్లోనే ఉంటది. యంత్రానికి కళ్ళు లేవు కదా, అందుకే అన్నీ రాసి చెప్పాలి.

ఒక లెక్క చూడండి. పలకలోంచి 60 మి.మీ. చదరం ముక్క కోయాలి. గుండ్రంగా తిరిగే కట్టర్ వ్యాసం 6 మి.మీ. కట్టర్ నడిమి భాగం సరిగ్గా గీత మీద పోతే ముక్క 54 మి.మీ.లే వస్తది! ఎందుకంటే కట్టర్‌లో సగం, అంటే 3 మి.మీ., ప్రతి పక్కా లోపలికి తినేస్తది. కాబట్టి అది గీతకు 3 మి.మీ. బయట నుంచి పోవాలి. 60+3+3=66. అంటే 66 మి.మీ. చదరం మీద తిరగాలి.

ఈ లెక్క ఫ్రీకాడే చేసి, జీ-కోడ్‌లో రాసి ఇస్తది. జీ0 అంటే కోయకుండా వేగంగా జరుగు. జీ1 అంటే తిన్నగా కోస్తూ పో. జీ2 అంటే గడియారం ముల్లులాగా వంపు తిరుగు. జీ3 దానికి ఎదురు. ఆ కోడ్ చదివి యంత్రాన్ని నడిపేది లైనక్స్‌సీఎన్‌సీ. దాని మూలం 1990లలో అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్‌లో పుట్టింది.

ఈ రెండూ ఓపెన్ సోర్స్. అంటే లోపల రాసింది దాచిపెట్టరు. ఎవరైనా చదవొచ్చు, సరిచేయొచ్చు, పక్కవాళ్ళకు ఇవ్వొచ్చు. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఏటా కొనే విత్తనాల లాంటివి, డబ్బు కట్టకపోతే పని ఆగిపోతది. ఇవి ఇంట్లో దాచుకున్న విత్తనాలు. ఫ్రీకాడ్ 2002లో మొదలైంది. ఎన్నో దేశాల వాళ్ళు కలిసి పెంచితే 2024 నవంబరులో 1.0 వచ్చింది.

యంత్రం, కట్టర్ మాత్రం ఊరికే రావు. చెక్కను గట్టిగా బిగించామో లేదో కూడా సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, మనమే చూసుకోవాలి. కానీ గీయడం, లెక్క కట్టడం ఒక్క కంప్యూటర్ ఉంటే నేర్చుకోవచ్చు. పది అయినాక ఐటీఐకి పోవాలనుకునే వాళ్ళకు ఇది పనికొస్తది. యంత్రాల పని మగపిల్లలదే అంటారు. జీ1 రాసింది ఎవరో యంత్రం అడగదు.

మీకొక ప్రశ్న: ముక్క 80 మి.మీ. చదరం, కట్టర్ 8 మి.మీ. అయితే కట్టర్ నడిమి ఎంత చదరం మీద తిరగాలి? జవాబు ఈ కాగితం కింద రాయండి.

– 9వ తరగతి విద్యార్థిని