మూడు నాబుల ఉమ్మడి కాపురం

మిర్యాలగూడలో డిగ్రీ ఫిజిక్స్ క్లాసు. చర్చిలో గిటార్ వాయించే కుర్రాడు ఒకడు లేచి అడిగాడు: "సార్, ఆంప్లిఫయర్ మీద బాస్, మిడ్, ట్రెబుల్ మూడూ ఐదు మీదే పెట్టినా సౌండు మధ్యలో బోలుగా ఎందుకు వస్తది?" కెపాసిటర్ పాఠానికి ఇంతకన్నా మంచి ప్రశ్న నాకింతవరకూ ఎదురుకాలేదు.

కారణం ఆ మూడు నాబుల వెనకే ఉంది. ఫెండర్ కంపెనీ 1950ల చివర్లో చేసిన బాస్‌మన్ ఆంప్లిఫయర్‌నే తీసుకుందాం. మూడు కంట్రోళ్లు, మూడు కెపాసిటర్లు, ఒక రెసిస్టర్, అంతే. సిగ్నల్ రాగానే రెండు దారులుగా చీలుతుంది. 250 పికోఫారడ్‌ల బుల్లి కెపాసిటర్ సన్నని స్వరాలను వదిలి, లావు స్వరాలను ఆపేస్తుంది. రెండో దారిలో 56 కిలో ఓముల రెసిస్టర్, దాని వెనక పెద్ద కెపాసిటర్లు రెండు. లావు స్వరాలు అటు పోతాయి. ఈ రెండు దారులూ ట్రెబుల్ కంట్రోల్ దగ్గర మళ్లీ కలుస్తాయి. మధ్య స్వరాలకు ఏ దారీ పూర్తిగా తెరుచుకోదు. అందుకే కొన్ని వందల హెర్ట్‌జ్‌ల దగ్గర గుంత పడుతుంది. గిటార్‌లో లావు తీగ 82 హెర్ట్‌జ్, సన్న తీగ 330 హెర్ట్‌జ్ పలుకుతాయి. అంటే గుంత పడేది సోలో వాయించే చోటికి దగ్గర్లోనే.

నాకు బాగా నచ్చేది ఇంకొకటుంది. ఆ మూడు కంట్రోళ్లూ ఒకదాని కింద ఒకటి కలిపి ఉంటాయి. ఉమ్మడి కాపురంలో లాగా ఒకటి కదిలితే మిగతా రెండింటి లెక్కా మారుతుంది. పైగా ఈ సర్క్యూట్‌కు తగ్గించడమే తప్ప పెంచడం చేతకాదు. బాస్, ట్రెబుల్ సున్నాకు దించి మిడ్ చివరిదాకా తిప్పితే స్వరాలన్నీ దాదాపు సమంగా వస్తాయి, కాకపోతే సౌండు బాగా తగ్గుతుంది. కీబోర్డు, డ్రమ్స్ మధ్య గిటార్ వినపడకపోతే వాల్యూమ్ జోలికి పోయేముందు మిడ్ పెంచండి.

లండన్‌లో డ్రమ్ముల దుకాణం నడిపే జిమ్ మార్షల్ 1962లో ఈ బాస్‌మన్‌నే నమూనాగా పెట్టుకున్నాడు. కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్ ఆయనతో చేయి కలిపారు. సర్క్యూట్ దాదాపు అదే, కానీ మొదటి వాల్వు మార్చారు. ఫెండర్ వాడినదాని ఆంప్లిఫికేషన్ అంకె 44 అయితే, కొత్తగా పెట్టిన ఈసీసీ83ది 100. సిగ్నల్ ముందే ఉబ్బిపోయి తర్వాతి వాల్వుల్లో దాని కొసలు తెగాయి, ఆ తెగినచోట కొత్త స్వరాలు పుట్టాయి. అదే డిస్టార్షన్. ఫెండర్‌వి వెనక తెరిచి ఉన్న పెట్టెలో నాలుగు పదంగుళాల స్పీకర్లు. మార్షల్‌వి మూసిన పెట్టెలో నాలుగు పన్నెండంగుళాల సెలెస్టియన్ స్పీకర్లు. నా ఓటు మార్షల్‌కే.

ఆంప్ సౌండు బాగుచేసుకోవాలంటే ముందు చూడాల్సిందీ ఆ స్పీకరే. గిటార్ స్పీకర్ కాగితపు కోన్ సుమారు 5000 హెర్ట్‌జ్ దాటితే చేతులెత్తేస్తుంది. డిస్టార్షన్‌లోని చిరచిరను మింగేసేది ఈ బలహీనతే. సూర్యాపేట, కోదాడల్లో పెళ్లి ఆర్కెస్ట్రా అయినా, చర్చి అయినా, చాలాచోట్ల గిటార్ పెడల్ నుంచి నేరుగా మిక్సర్‌లోకి పోతుంది. అక్కడి బాక్సుల్లోని ట్వీటర్ ఆ చిరచిరనంతా బయటపెడుతుంది. పెడల్‌లో స్పీకర్ పెట్టెను అనుకరించే క్యాబినెట్ సిమ్యులేషన్ ఉంటే వేసుకోండి, సగం బాధ తీరుతుంది. సొంత ఆంప్ ఉన్నవాళ్లు 97 డెసిబెల్ స్పీకర్ తీసి 100 డెసిబెల్‌ది వేస్తే వాట్లు రెట్టింపు చేసినంత ఫలితం. ఓములు మాత్రం పాతదానివే ఉండాలి. వాల్వు ఆంప్‌ను స్పీకర్ లేకుండా ఆన్ చేయొద్దు. స్విచ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో నాలుగైదు వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు కాబట్టి పని తెలియనివాళ్లు మూత విప్పొద్దు.

వాల్వుల తర్వాత ట్రాన్సిస్టర్లొచ్చాయి, చిప్పులొచ్చాయి, ఇప్పుడు ఫోన్‌లోనే ఆంప్ దొరుకుతోంది. 2006లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు డేవిడ్ యే, జూలియస్ స్మిత్ బాస్‌మన్ సర్క్యూట్‌ను కంప్యూటర్ లెక్కగా మార్చారు. మూడు నాబులను విడివిడిగా పెట్టడం వాళ్లకు తేలికే. అయినా ఒకటి తిప్పితే మిగతా రెండూ కదిలే ఆ చిక్కును ఉన్నదున్నట్టు సమీకరణాల్లోకి ఎక్కించారు.