లాయరును పెట్టుకునే ముందు



ఒక సాయంత్రం మన కేంద్రంలో పాఠం అయిపోయింది. అందరూ పుస్తకాలు సర్దుకుని లేచారు. ఒక అక్క మాత్రం కదల్లేదు. ఆమె ఫిషింగ్ హార్బర్ జెట్టీ మీద వేలంలో చేపలు కొని, గంపతో వీధుల్లో అమ్ముకుంటుంది. కొంగు ముడి విప్పి మడతలు పడిన కాగితం ఒకటి తీసింది. అది స్టాంపు కాగితం.

"పంతులమ్మా, దీన్లో ఏటి రాసుందో సూడు" అంది.

"నువ్వే చదువు అక్కా. నీకు వచ్చు కదా" అన్నాను.

కూడబలుక్కుని చదివింది. పావుగంట పట్టింది. 'ఈ రోజు నుంచి మా ఇద్దరికీ ఏ సంబంధమూ లేదు' అని ఉంది. 'భరణం అడగను, బాబును అడగను' అని ఉంది. కింద ఆమె వేలిముద్ర, పక్కన పెద్దల సంతకాలు. ఆ ముద్ర వేసిన నాటికి ఆమెకు ఒక్క అక్షరమూ రాదు.

"పెద్దలు సెప్పినారు, ఏలు ఎట్టేసినాను. బాబు మాట ఇందులో ఉందని నాకు తెల్దు" అంది. భర్త ఇప్పుడు రెండో పెళ్ళికి సిద్ధమయ్యాడట. నాలుగేళ్ళ బాబును తీసుకుపోతానని కబురు పెట్టాడట. "లాయరు దగ్గరకి ఎల్తే ఎంతవుద్ది? నా గంప అమ్మినా సరిపోదు" అని కళ్ళు తుడుచుకుంది.

నేను లాయరును కాదు. టీచర్ ట్రైనింగు చదివినదాన్ని. అందుకే తెలిసినవాళ్ళను అడిగి, చట్టం పుస్తకాలు చూసి ఇది రాస్తున్నాను.

మొదట ఆ కాగితం సంగతి. హిందువుల పెళ్ళికి, విడాకులకు 1955 నాటి హిందూ వివాహ చట్టం ఉంది. కులాచారం ప్రకారం జరిగే విడాకులను ఆ చట్టం కొట్టిపారెయ్యలేదు. కానీ అలాంటి ఆచారం మా కులంలో పూర్వం నుంచి ఉంది అని కోర్టులో రుజువు చెయ్యాలి. రుజువు కాకపోతే స్టాంపు కాగితం, నోటరీ ముద్ర ఎన్ని ఉన్నా విడాకులు అయినట్టు కాదు. అప్పుడు ఆ ఇద్దరూ ఇంకా భార్యాభర్తలే. అతను చేసుకునే రెండో పెళ్ళి చెల్లదు. ఆ కాగితాన్ని నమ్మి ఈ అక్క ఇంకొకరిని చేసుకున్నా చెల్లదు. పెద్దల మీద నాకు కోపం లేదు. తగవు తీర్చడానికే కూర్చుంటారు. కానీ చదవరాని మనిషి చేత వేలిముద్ర వేయించేటప్పుడు పైకి చదివి వినిపించాలి. వినిపించలేదంటే అది తప్పే.

భరణం అడగను అని రాసిచ్చినంత మాత్రాన కోర్టు తలుపు మూసుకోదు. బాబు భరణం అసలే పోదు. అది బిడ్డ హక్కు. తల్లి వేలిముద్రతో దాన్ని రాసిచ్చెయ్యడం కుదరదు.

ఇక లాయరు ఖర్చు. ఈ మాట చాలామందికి తెలియదు, జాగ్రత్తగా చదవండి. ఆడవాళ్ళకు ప్రభుత్వం ఉచితంగా లాయరును ఇస్తుంది. పేదరాలు అయినా, కాస్త కలిగినది అయినా ఇస్తుంది. ఆదాయం సర్టిఫికెట్ అడగకూడదు. దీనికి 1987లో చట్టం చేశారు. 1995 నవంబర్ 9 నుంచి అది అమలులో ఉంది. ప్రతి జిల్లాలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ అని ఒక ఆఫీసు ఉంటుంది. మన విశాఖపట్నంలోనూ ఉంది. జిల్లా కోర్టుకు వెళ్ళి 'న్యాయ సేవాధికార సంస్థ ఎక్కడ?' అని అడిగితే చూపిస్తారు. తెల్ల కాగితం మీద మన బాధ రాసి ఇస్తే చాలు. రాయడం రాకపోతే అక్కడివాళ్ళే రాసుకుంటారు. వెళ్ళలేనివాళ్ళు 15100 నంబరుకు ఫోను చెయ్యవచ్చు. కోర్టు ఫీజు, కాగితాల ఖర్చు కూడా ఆ సంస్థే చూసుకుంటుంది. అక్కడ ఇచ్చిన లాయరు మన దగ్గర డబ్బు తీసుకోకూడదు. అడిగితే ఆ ఆఫీసు కార్యదర్శికి చెప్పాలి.

ఇంట్లో కొడుతుంటే, రాత్రికి రాత్రి బయటికి రావలసి వస్తే 181కి ఫోను చెయ్యండి. అది ఆడవాళ్ళ సహాయం కోసం పెట్టిన నంబరు.

'ఊరికే ఇచ్చిన లాయరు సరిగ్గా చూస్తాడా?' అని ఒక పిన్ని అడిగింది. బాగా చూసేవాళ్ళు ఉంటారు, వాయిదాలకు రానివాళ్ళూ ఉంటారు. డబ్బు తీసుకునే లాయర్లలోనూ అంతే. ఉచిత లాయరు పట్టించుకోకపోతే వేరేవాళ్ళను ఇమ్మని సంస్థనే అడగవచ్చు.

డబ్బు ఇచ్చి పెట్టుకుంటానంటారా? కుటుంబం కేసులు చూసిన లాయరును వెతకండి. చేపల వేలంలో ఐదు బుట్టలు చూడందే ఒకటి కొనం కదా. లాయరు విషయంలోనూ ఇద్దరు ముగ్గురితో మాట్లాడాలి. మొత్తం ఎంత, వాయిదాకు ఎంత, గుమస్తాకు వేరే ఇవ్వాలా అని ముందే అడగండి. ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. 'గెలిస్తే నీకు వచ్చేదాంట్లో పావు వంతు నాది' అనే బేరానికి ఒప్పుకోవద్దు. లాయర్లు అలా బేరం పెట్టకూడదని వాళ్ళ బార్ కౌన్సిల్ నియమమే ఉంది. కోర్టు గేటు దగ్గర ఎదురొచ్చి 'నేను చూసుకుంటానమ్మా' అనే మధ్యవర్తికి కాగితాలు ఇవ్వనే వద్దు.

లాయరు మన తరఫున మాట్లాడడానికి మనం సంతకం చేసే కాగితాన్ని వకాల్తా అంటారు. దానిలో లాయరు పేరు, మన పేరు, ఏ కోర్టు అన్నది నిండి ఉందా అని చూడండి. ఖాళీ తెల్ల కాగితాల మీద సంతకం పెట్టమంటే పెట్టకండి. అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచుకుని జిరాక్సులు ఇవ్వండి. లాయరు నచ్చకపోతే మార్చుకోవచ్చు. ఫీజు బాకీ ఉందని మన కేసు కాగితాలు పట్టి ఉంచుకోకూడదని సుప్రీంకోర్టు 2000లో చెప్పింది. కేసు వేశాక 16 అక్షరాలు, అంకెలు కలిసిన ఒక నంబరు వస్తుంది. సి.ఎన్.ఆర్. నంబరు అంటారు. అది రాసి ఉంచుకోండి. పిల్లల ఫోనులో ఆ నంబరు కొడితే ఈ-కోర్టుల పేజీలో వాయిదా ఎప్పుడో కనిపిస్తుంది. 'వాయిదా పడిందమ్మా' అని ఎవరో చెబితే నమ్మక్కర్లేదు.

విడాకుల కేసు ఎక్కడ వెయ్యాలి? భార్య తాను ఇప్పుడు ఉంటున్న ఊళ్ళో వెయ్యవచ్చు. 2003 నుంచి ఈ సౌకర్యం ఉంది. కన్నవారింటికి శ్రీకాకుళం వెళ్ళిపోయినదాన్ని విశాఖ రమ్మని తిప్పనక్కర్లేదు. ఇద్దరికీ ఇష్టమైతే, ఏడాదిగా విడిగా ఉంటే, కలిసి అర్జీ పెట్టుకోవచ్చు. ఆ తరువాత మామూలుగా ఆరు నెలలు ఆగాలి. తగిన కారణం ఉంటే కోర్టు ఆ గడువు తగ్గించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. ఒకరికి ఇష్టం లేకపోతే హింస, రెండేళ్ళుగా వదిలెయ్యడం లాంటి కారణం చూపించాలి. అది ఆలస్యం అవుతుంది. క్రైస్తవులకు, ముస్లింలకు వేరే చట్టాలు ఉన్నాయి. ఉచిత లాయరు మాత్రం అందరికీ ఒకటే.

భరణం దగ్గర మన హార్బర్‌లో ఒక చిక్కు ఉంది. ఆఫీసు ఉద్యోగికి జీతం కాగితం ఉంటుంది. బోటు మీద వెళ్ళే కళాసీకి, సరంగుకి జీతం కాగితం ఎక్కడిది? వేటలో పడినదాంట్లో వాటా. ఒక వారం చేతినిండా, ఇంకో వారం ఏమీ ఉండదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. కోర్టులో 'నాకు ఆదాయం లేదు' అని చెప్పడం తేలిక. అయితే 2020లో సుప్రీంకోర్టు ఒక పద్ధతి పెట్టింది. భార్య, భర్త ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తి, అప్పులు ప్రమాణం మీద రాసి ఇవ్వాలి. అబద్ధం రాస్తే చిక్కుల్లో పడతారు. భరణం అర్జీ పెట్టిన రోజు నుంచి లెక్క కట్టాలని కూడా ఆ తీర్పులోనే ఉంది. కాబట్టి మనం ఏమి చూపించగలమో ఆలోచించుకోవాలి. బోటు ఎవరి పేరున రిజిస్టరు అయింది? నంబరు ఎంత? ఏ బోటు మీద ఎన్నాళ్ళుగా వెళుతున్నాడు? నిషేధం సాయం డబ్బు ఏ బ్యాంకు ఖాతాలో పడుతోంది? ఇవి నోటుబుక్కులో రాసుకుని లాయరుకు ఇవ్వండి. మనకు వచ్చిన చదువు అక్కడ బాగా పనికొస్తుంది.

కేసు తేలేదాకా ఖర్చులకు మధ్యంతర భరణం అడగవచ్చు. దాన్ని వీలైనంతవరకు 60 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది. అన్నిసార్లూ అలా జరగదు. అయినా మొదటి రోజే అడగాలి.

పిల్లల విషయం. ఐదేళ్ళ లోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి. పెద్ద పిల్లలైతే వాళ్ళకు ఎక్కడ మేలో కోర్టు చూస్తుంది. బిడ్డ మాట కూడా అడుగుతుంది. 'నీకు ఆదాయం లేదు, కాబట్టి పిల్లాడు నాకే' అని భర్త అంటే భయపడకండి. డబ్బు ఒక్కటే చూడరు. పెంచడానికి డబ్బు తండ్రి ఇవ్వాలి. తండ్రి వచ్చి చూసిపోయే రోజులు మాత్రం కోర్టు పెడుతుంది. దానికి అడ్డు పడకూడదు.

ఆస్తి దగ్గర చాలామంది పొరపాటు పడతారు. విడాకులైతే భర్త ఆస్తిలో సగం వస్తుందని సినిమాల్లో అంటారు. మన చట్టంలో అలా లేదు. భర్త పేరున ఉన్న బోటు దానంతట అది రెండు ముక్కలు కాదు. కానీ మన పేరున ఉన్న ఇంటి పట్టా మనదే. పెళ్ళిలో పెట్టిన బంగారం, సామాను మనవే. అత్తవారు దాచుకుంటే తిరిగి అడగవచ్చు. 2005 గృహహింస చట్టం ప్రకారం, కాపురం చేసిన ఇంట్లోంచి చట్టం దారిలో తప్ప గెంటెయ్యకూడదు. పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఉంది. మన రాష్ట్రంలో 1985లోనే పెళ్ళికాని కూతుళ్ళకు ఇచ్చారు. 2005లో దేశం మొత్తానికీ, పెళ్ళైనవాళ్ళకూ వచ్చింది.

ఇంకొకటి ఉంది. డ్వాక్రా అప్పు మన పేరున తీస్తాం. ఆ డబ్బుతో కొన్న వల ఆయన బోటులో ఉంటుంది. మనిషి వెళ్ళిపోయినా వాయిదా మనమే కట్టాలి. ఈ సంగతి లాయరుకు చెప్పడం మరిచిపోతారు. పాసుపుస్తకం, వల కొన్న బిల్లు కూడా తీసుకెళ్ళండి.

రాజీ కుదిరితే భరణం, సామాను తగవులు లోక్ అదాలత్‌లో తేల్చుకోవచ్చు. విడాకులు మాత్రం అక్కడ ఇవ్వరు. అక్కడ ఒప్పుకున్న దానిమీద అప్పీలు ఉండదు. అందుకే ప్రతి పంక్తీ చదివాకే సంతకం పెట్టాలి.

ఆ అక్క సోమవారం జెట్టీకి వెళ్ళలేదు. ఆ రోజు గంప చెల్లెలికి ఇచ్చింది. ఒక సంచిలో ఆధార్ జిరాక్సు, బాబు పుట్టిన సర్టిఫికెట్, పెళ్ళి ఫోటో, ఆ స్టాంపు కాగితం పెట్టుకుంది. నేనూ వెంట వెళ్ళాను. ఆఫీసులో అర్జీ రాసి, ఆమె ముందు పెట్టి, ఇంకు డబ్బా జరిపారు. ఆమె దాన్ని పక్కకు నెట్టి పెన్ను అడిగింది. పేరు రాయడానికి కాస్త ఆలస్యమైంది. వాళ్ళు ఆగారు.