కంటి కింద నలుపు

మా ముస్తాబాద్ పేరులోనే ముస్తాబు ఉన్నందుకు కాబోలు, కంటి కింద నలుపుకు మందేమిటని పిల్లలు తరచు అడుగుతారు.

అక్కడి చర్మం చాలా పలుచన. కనురెప్పల మీద సుమారు అర మిల్లీమీటరే. దురద పుట్టి పదేపదే నలిపితే గరుకెక్కుతుంది, మెలనిన్ అనే వర్ణకం చేరి నల్లబడుతుంది. నలపడం మానడమే మొదటి చికిత్స. దురదకు మందు, తేమనిచ్చే లేపనం ఆ తర్వాత. కొందరికిది వంశపారంపర్యం. కొందరికి కంటి కింది గుంట నీడ మాత్రమే! దీపం ముఖానికెదురుగా ఉంచి అద్దంలో చూడండి, నీడైతే తగ్గుతుంది. నీడను ఏ లేపనం చెరుపుతుంది?

భయపడవలసింది తెల్లబరిచే ట్యూబులకు. కొన్నింటిలో బీటామెథసోన్ వంటి స్టిరాయిడ్లుంటాయి. మొదట నిగనిగలాడినా, నెలల తరబడి రాస్తే చర్మం మరింత పలుచబడి రక్తనాళాలు బయటపడతాయి. కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసుల వ్యాధి రావచ్చు. ఇటువంటి 14 పూతమందులను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. ఇంట్లో ట్యూబు ఉంటే దానిమీది చిన్న అక్షరాలు చదవండి.